కొయ్య చెక్కు యంత్రము: దాని రోగములు, చికిత్స

మన ప్రాంతమున కొయ్యపని క్రొత్త విద్య కాదు. గోదావరి కావలనున్న నిర్మల్ పట్టణమున నకాషీ పనివారు పొనికి కొయ్యతో బొమ్మలు చేసి రంగులు వేయుట తరతరములుగా వచ్చుచున్నది. నిజామాబాదు, బోధను, ఆర్మూరు వడ్రంగులు టేకు ద్వారబంధములపై లతలను, పువ్వులను ఉలితో చెక్కుచు వచ్చిరి. ఇప్పుడు కొన్ని యిండ్లలో ఉలి ప్రక్కన, కంప్యూటరు చెప్పినట్లు కొయ్యను చెక్కు చిన్న యంత్రమొకటి చేరినది. దీనిని సి.ఎన్.సి. రూటరు అందురు. అంకెలచే యంత్రమును నడుపు నీ పద్ధతిని 1952లో అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాలయమున లోహమును కోయు యంత్రముపై ప్రదర్శించి చూపిరి. నాడు పెద్ద బీరువాలంత పరికరము కావలసివచ్చిన పని నేడు అరచేతిలో పట్టు పలకతో నెరవేరుచున్నది.

ఇట్టి యంత్రము మా యింటి వెనుక గదిలో మూడేండ్లుగా నున్నది. అది మాకు నేర్పిన పాఠమును విద్యార్థుల యుపయోగార్థ మిచట వ్రాయుచున్నాము.

గత వర్షాకాలమున ఒక పెండ్లివారు తమ క్రొత్త యింటి తలుపునకు పేరు చెక్కిన టేకు పలక కావలెనని కోరిరి. సగము పేరు చక్కగా వచ్చినది. పిదప నక్షరములన్నియు రెండు మిల్లీమీటర్లు కుడివైపునకు జరిగి, మెట్టువలె నిలిచినవి. మేము వెంటనే కంప్యూటరును నిందించితిమి. ప్రోగ్రామును తీసివేసి మరల నెక్కించితిమి; కేబులు మార్చితిమి; రెండు రాత్రులు మేలుకొంటిమి. తప్పు తీరలేదు. కంప్యూటరు నెరుగని మా నాయనగారు, జీవితమంతయు ఉలి పట్టినవారు, గుమ్మమున నిలిచి చూచి, “ముందుగాల మరలు బిగువుగున్నయో లేవో చూడుండ్రి బిడ్డా” అనిరి. కరెంటు తీసివేసి, స్పిండిలు మోయు బండిని చేతితో మెల్లగా జరిపి చూచితిమి. పొడుగుపాటి మరకడ్డీ తిరుగుచున్నది గాని, దానికి తగిలించిన మోటారు ఇరుసు కదలలేదు. రెంటిని కలుపు బిళ్ళలోని చిన్న మర వదులై యుండెను. దానిని బిగించుటకు అయిదు నిమిషములు పట్టినది. కాని పలక వ్యర్థమైనది. దాని వెల మేమే పెట్టుకొంటిమి. ఇచ్చిన మాట తప్పితిమి. పెండ్లివారు ఏమియు ననలేదు గాని, ఆ మౌనము మాకు కొయ్య వెలకంటె నెక్కువగా తోచినది.

ఈ తప్పు కంప్యూటరునకు ఎందుకు తెలియలేదు? ఇదియే ముఖ్యమైన ప్రశ్న. ఇండ్లలో వాడు చిన్న యంత్రములలో పెక్కింటికి కన్నులు లేవు. కంప్యూటరు ఆజ్ఞ నిచ్చునే గాని, అది నెరవేరెనో లేదో చూడదు. మోటారు ఒక చుట్టునకు 200 అడుగులు వేయును. ఒక్కొక్క యడుగును 16 భాగములు చేసిన, చుట్టునకు 3200 స్పందనలగును. ఒక చుట్టునకు బండి 8 మిల్లీమీటర్లు జరిగినచో, 3200ను 8చే భాగింపగా, మిల్లీమీటరునకు 400 స్పందనలు వచ్చును. పది మిల్లీమీటర్లు జరుపుటకు కంప్యూటరు 4000 స్పందనలు పంపి, పని యైనదని నమ్మును. నడుమ మర జారినను, పొట్టు అడ్డుపడినను దానికి తెలియదు. కావున యంత్రమునకు లేని కన్ను మనమే కావలెను. తప్పు కొయ్యపై తన గుర్తు విడిచిపోవును. ఆ గుర్తును చదువుటయే చికిత్సకు మొదలు.

అట్టి గుర్తులు ముఖ్యముగా ఆరు.

1. చెక్కడము నడుమనుండి ఒక ప్రక్కకు జరిగినచో, అడుగులు తప్పినవని గ్రహింపవలెను. మొదట మరలు, పిదప పట్టాలపై పొట్టు, పిదప వేగమును, లోతును చూడవలెను. ఒక్కసారి మిక్కిలి లోతుగా కోయబోయినపుడు మోటారు బలము చాలక అడుగు తప్పును.

2. వృత్తము గుండ్రముగా రాక కొన్నిచోట్ల చదునుగా వచ్చినచో, మరకడ్డీకిని నట్టుకును నడుమ సందు కలదు. బండి వెనుకకు మరలునప్పుడు కడ్డీ కొంత తిరిగిన తరువాతనే అది కదలును. నట్టు బిగువు సరిచేయవలెను, అరిగినచో మార్చవలెను.

3. కొలతలన్నియు ఒకే నిష్పత్తిలో తగ్గినచో, అంకె తప్పు. 100 మిల్లీమీటర్లు జరుగుమన్న 99 మాత్రమే జరిగినచో, 400ను 100చే గుణించి 99చే భాగింపవలెను, 404.04 వచ్చును. కాని కొలత ఒక్కొక్కసారి ఒక్కొక్క విధముగా వచ్చుచున్న, అంకెను మార్చరాదు. అది జారుడు రోగము; లెక్కతో కుదరదు.

4. అంచులు నల్లగా మాడినను, పీచు లేచినను, బిట్టు మొక్కవోయినదేమో చూడవలెను. టేకులో సహజముగా సిలికా యుండుటచే పదును త్వరగా చెడును. పొనికి మెత్తనిది గనుక పదును లేని బిట్టు దానిని కోయక చింపును. నిమిషమునకు 12000 చుట్లు తిరుగు రెండంచుల బిట్టును నిమిషమునకు 1200 మిల్లీమీటర్లు నడిపిన, ఒక్కొక్క యంచు 0.05 మిల్లీమీటరు కొయ్యను తీయును. నడక మరీ తగ్గించిన, బిట్టు కోయుట మాని రాచుకొని కొయ్యను మాడ్చును. నెమ్మదిగా నడిపిన మేలని తలచుట ఇచట పొరపాటు.

5. లోతు ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ యైనచో, బల్ల చదునుగా లేదు, లేక పలక వంగినది. వానకాలపు చెమ్మకు కొయ్య అడ్డముగా ఉబ్బును. కావున పలకను కొన్నిదినములు గదిలో నుంచి, వంపు పరీక్షించి బిగింపవలెను.

6. యంత్రము నడుమ నిలిచిపోయినచో, కంప్యూటరు నిద్రపోయినదేమో, కేబులు వదులైనదేమో చూడవలెను. సంకేతపు తీగను స్పిండిలు తీగకు దూరముగా నడిపి, ఎర్తు సరిగా నుంచవలెను. కరెంటు పోయి వచ్చిన పిదప, మొదటి స్థానము మరల గుర్తింపక పని సాగింపరాదు.

వీనిలో నేది కనబడినను ఒక నియమము మరువరాదు: ఒకసారి ఒక్కదానినే మార్చి పరీక్షింపవలెను. మేము ప్రోగ్రామును, కేబులును, వేగమును ఒకేసారి మార్చితిమి. అందుచే దేనివలన ఏమైనదో తెలియక రెండు రాత్రులు పోయినవి. పరీక్షకు పనికిరాని చెక్కనే వాడవలెను.

ఇక సంరక్షణ. ప్రతిదినము పని ముగిసిన వెంటనే ప్లగ్గు తీసి, పట్టాలను, మరకడ్డీలను బ్రష్షుతో తుడువవలెను. పొట్టు తుడువక నూనె పోసిన, రెండును కలిసి ముద్దయై బేరింగులను తినివేయును. వారమున కొకసారి మరలన్నియు బిగించి చూడవలెను. నెలకొకసారి 100 మిల్లీమీటర్ల గీతను, ఒక వృత్తమును గీయించి కొలిచి, ఫలితమును నోటుపుస్తకమున తేదీతో వ్రాయవలెను. సన్నని కొయ్యధూళి ఊపిరితిత్తులకు కీడు గావున ముక్కునకు మాస్కు, కండ్లకు అద్దములు తప్పనిసరి. వ్రేలాడు చున్నీ, వదులు చేతుల చొక్కా, గాజులు దగ్గరకు రారాదు. స్పిండిలు తిరుగునంత సేపు చేయి లోపల పెట్టరాదు.

ఇదంతయు మాకు క్రొత్తగా తోచినను, మా పెద్దలకు తెలిసినదే. మా తాతగారు 1937లో స్థాపింపబడిన బోధను నిజాం షుగర్ ఫ్యాక్టరీలో ఫిట్టరుగా నుండిరి. చెరకు ఆడు నెలలలో గానుగలు రేయింబవళ్ళు తిరుగుచుండెడివి. చెరకు ముగియగానే, చెడినదానినే గాక చెడనిదానిని గూడ విప్పి, తుడిచి, కొలిచి, మరల కూర్చెడివారట. చెడని కాలమున చేసిన పనియే చెరకు బండ్లు వచ్చిన కాలమున కాపాడునని వారనుచుండిరి. ఆ కర్మాగారము 2015 డిసెంబరులో మూతబడినది, తాతగారు లేరు. వారి స్పానరు మాత్రము మా పనిముట్ల పెట్టెలో నున్నది. ప్రతి వారమును మరలు బిగించునది దానితోనే.

పెండ్లివారి పలకను మరల చెక్కి యిచ్చితిమి. చెడిన పలకను పారవేయక, యంత్రమునకెదురుగా గోడకు వ్రేలాడదీసితిమి. కంప్యూటరును నిందింపబోయినప్పుడెల్ల, రెండు మిల్లీమీటర్ల ఆ మెట్టు మాకు కనబడుచుండును.