విమాన చోదకుని తొలి పాఠములు

పెందుర్తికి దక్షిణముగా కొలది మైళ్ల దూరమున విశాఖపట్టణపు విమానక్షేత్రము కలదు. అది భారత నావికాదళమునకు చెందినది, ఐ.ఎన్.ఎస్. డేగా యని దానికి పేరు. డేగ యను మాట మనకు క్రొత్తది కాదు గదా! ఆ క్షేత్రమున విమానములు పరుగెత్తు బాటకు ఒక కొసను 10 అనియు, రెండవ కొసను 28 అనియు పెద్ద అంకెలు వ్రాయబడియుండును. వానిని బాటల వరుససంఖ్యలని బాలురు తలంతురు. అవి దిక్కులు. ఉత్తరమునుండి కుడివైపుగా లెక్కించినచో, ఒక కొసనుండి పరుగిడు విమానపు ముక్కు దిక్సూచిలో సుమారు 100 డిగ్రీలను, రెండవ కొసనుండి పరుగిడు దాని ముక్కు 280 డిగ్రీలను చూపును. చివరి సున్నను విడిచి వ్రాయుదురు. విమానము గాలికి ఎదురుగా లేచుట, ఎదురుగా దిగుట మేలు. గాలిని మాత్రమే చూచినచో, తూర్పునుండి సముద్రపు గాలి వీచువేళ ఏ అంకెగల కొసనుండి బయలుదేరవలెనో మీరే చెప్పగలరు.

మన దేశమున ప్రైవేటు పైలట్ లైసెన్సు పొందగోరువారికి 17 ఏండ్లు నిండవలెను. వైద్యపరీక్షలో నెగ్గవలెను. తక్కువలో తక్కువ 40 గంటలు ఎగిరియుండవలెను. ఈ లైసెన్సుతో జీతమునకు విమానము నడపరాదు. వాయుయాన నియమములు, మార్గనిర్ణయము, వాతావరణ శాస్త్రము, యంత్రజ్ఞానము, రేడియో సంభాషణము మొదలగునవి చదివి పరీక్ష వ్రాయవలెను. శ్రద్ధగలవానికి ఇవి అసాధ్యములు కావు. కష్టమైనది వేరొకటి కలదు. తన శరీరము చెప్పు మాటను త్రోసిపుచ్చి, తాను నేర్చిన మాటను నమ్ముటయే అది.

శిక్షణము నేలమీదనే ఆరంభమగును. విద్యార్థి చేత పట్టీ పట్టుకొని విమానము చుట్టును తిరిగి, రెక్కలను, చక్రములను, కీలులను తాకి చూచును. ఇంధనపు తొట్టి అడుగునుండి కొంచెము ఇంధనమును గాజుగొట్టములోనికి తీసి వెలుతురున పరిశీలించును. నీరు ఇంధనముకంటె బరువైనది గనుక అడుగునకు చేరును. ఆ నీరు యంత్రములోనికి పోయినచో ఆకాశమున యంత్రము ఆగిపోవచ్చును. నిన్న చూచితినని నేడు మానుటకు వీలు లేదు. ఎన్ని వేల గంటలు ఎగిరినవాడైనను పట్టీని చదువకుండ కదలరాదు.

ఇక గాలిలోని పాఠములలో ముఖ్యమైనది ‘స్టాల్’ అనునది. రెక్క గాలికి కొలది కోణమున ఎదురైనపుడు గాలి దానిని అంటిపెట్టుకొని ప్రవహించి విమానమును పైకి మోయును. ఆ కోణము సుమారు 15 డిగ్రీలు దాటినచో గాలి రెక్కపైభాగమును విడిచి చెదరిపోవును. మోయు బలము ఒక్కసారిగా తగ్గును. విమానము క్రిందికి జారును. అప్పుడు మానవ సహజమైన కోరిక యేమి? క్రింద పడుచున్నాము గనుక ముక్కును పైకెత్తవలెనని చేయి తొందరపడును. అట్లు చేసినచో కోణము మరింత పెరిగి ప్రమాదము ముదురును. ముక్కును క్రిందికి వంచవలెను! పడుచున్నవాడు నేలవైపునకే మొగము త్రిప్పవలెనన్న మాట. వంచినంతనే గాలి మరల రెక్కను అంటును; విమానము వశమగును. గురువు నేలకు చాల ఎత్తున ఈ స్థితిని కావలెనని కల్పించి, విద్యార్థి చేయి తానై ముందుకు పోవువరకు మరల మరల చేయించును. నేలకు దగ్గరగా స్టాల్ కలిగినచో ఆలోచించుటకు వ్యవధి యుండదు.

ఒకనాడు గురువు విమానమును ఆపించి, తాను దిగి, “నీవొక్కడవే ఒకసారి చుట్టి రమ్ము” అనును. ఆ దినము ముందుగా చెప్పబడదు. ఒక మనిషి బరువు తగ్గుటచే విమానము అలవాటునకు మించి వడిగా పైకి లేచును. ప్రక్క ఆసనము ఖాళీగా నుండును. లేచినవాడు ఎట్లైనను దిగవలసినదే. దింపువారు వేరొకరు లేరు.

కన్నును చెవియు కూడ మోసగించును. మన లోపలి చెవిలోని అర్ధవర్తుల కుల్యలు శరీరపు తిరుగుడును తెలుపును. అయితే చాలసేపు ఒకేరీతిగా తిరిగినచో అవి తిరుగుటలేదని చెప్పును. మేఘములోనో, చీకటి సముద్రముపైనో దిగంతరేఖ కనబడనపుడు, విమానము ఒరిగి దిగజారుచున్నను చోదకునకు తిన్నగా పోవుచున్నట్లే తోచును. 1999 జూలై 16 రాత్రి అమెరికాలో అధ్యక్షుడు కెనెడీ కుమారుడగు జాన్ కెనెడీ తన చిన్న విమానమున సముద్రముమీదుగా పోవుచుండగా, మంచుపొరవంటి మసకలో దిక్కు తెలియక విమానము కూలి, ఆయనయు, భార్యయు, ఆమె సోదరియు మరణించిరి. ఆయనకు ప్రైవేటు పైలట్ లైసెన్సు ఉండెను. పరికరములను మాత్రమే చూచి ఎగురుటకు అర్హత లేకుండెను. సముద్రతీరమున పెరిగిన మనకు, నీరును నింగియు ఒకటిగా కలిసిపోవు అట్టి మసక తెలియనిది కాదు.

తెలుగు పిల్లలకు మరియొక చిక్కు భాష. విజయవాడలో పెరిగిన ఆనీ దివ్య 17 ఏండ్ల వయసున ఉత్తరప్రదేశములోని ఫుర్సత్‌గంజ్‌లో గల ఇందిరాగాంధీ రాష్ట్రీయ ఉడాన్ అకాడమీలో చేరినపుడు ఆంగ్లము మాటలాడుటకే ఎక్కువ ఇబ్బంది పడినది. పట్టుదలతో నేర్చుకొన్నది, 30 ఏండ్లకే బోయింగ్ 777 విమానమునకు కెప్టెనయ్యెను. రేడియోలో బి, డి, పి, టి అను అక్షరములు ఒకదానివలె నొకటి వినబడును గనుక బ్రేవో, డెల్టా, పాపా, టాంగో అని పలుకుదురు. నేలనుండి వచ్చిన ముఖ్యమైన ఆజ్ఞను విన్నవాడు తిరిగి చెప్పవలెను. “ఆ, తెలిసినది” అన్నచో చాలదు; మన తరగతులలో తల యూపుట వంటిది అక్కడ చెల్లదు.

కడపట ఒంటరి దూరప్రయాణము. 150 నాటికల్ మైళ్లు, అనగా సుమారు 278 కిలోమీటర్లు పోవలెను. త్రోవలో రెండు వేర్వేరు క్షేత్రములందు దిగవలెను. ఇది విశాఖనుండి విజయవాడకు గల ఆకాశమార్గముకంటె కొంచెము తక్కువ. విద్యార్థి పటముపై గీత గీసి, గాలి ప్రక్కకు నెట్టుటను లెక్కించి, ఇంధనము చేరుటకు మాత్రమే గాక మిగులునట్లు పోయించుకొని బయలుదేరును. దారిలో ఎదుట నల్లని మేఘము నిలిచినచో, పైనుండి సలహా చెప్పు గురువు లేడు. గమ్యము ఎంత దగ్గరనున్నను వెనుకకు మరలిన విద్యార్థిని మంచి గురువు మందలింపడు. విమానమును దాని కొట్టములో పెట్టించి, మరునాటి గాలి సంగతి చూచుకొమ్మని పంపును.