ఎండకు నిలుచు పూలమొక్కలు

1852వ సంవత్సరమున ధవళేశ్వరము ఆనకట్ట పూర్తియైనది మొదలు కోనసీమ రైతునకు కాలువనీటి యలవాటు బలపడినది. పూలమొక్క వాడినచో వెంటనే నీరు పోయుదుము. కాని వేసవిలో కాలువలు కట్టివేసిన దినములలో గూడ పెరటికి శోభనిచ్చు ఏకవార్షికపు మొక్కలు కలవు. వీనిని చంపునది యెండ కాదు, నీడయు, నిలువనీరును. మామిడికుదురు ప్రాంతపు రైతు సోదరులు ఈ సంగతిని ముఖ్యముగా గమనింపవలెను.

మొక్కలు: బొగడబంతి, కోడిజుట్టు, గైలార్డియా అను మూడును మన కనుకూలములు. బొగడబంతి మధ్య అమెరికానుండి వచ్చినది. కోసి యెండబెట్టినను దీని రంగు నెలల తరబడి నిలుచును. కోడిజుట్టు, తెలంగాణపు మెట్టచేలలో తనంత మొలచి బతుకమ్మలో చేరు గునుగునకు దాయాది. గైలార్డియా ఉత్తర అమెరికాది. ఇసుకనేలయన్న దీనికి ప్రీతి. మనకు చిరపరిచితమగు బంతికి వీనికంటె నీరు కొంత హెచ్చుగా కావలెను.

చోటు: కొబ్బరిచెట్ల నీడ పనికిరాదు. దినమునకు ఆఱు గంటలైనను ఎండ తగులు చోటు చూడుడు. బరువునేల యైనచో ఇసుకయు, చివికిన పెంటయు కలిపి జానెడెత్తు మడి కట్టవలెను.

విత్తుట: తుపానువానలు వెనుకబట్టిన పిదప, మార్గశిర పుష్య మాసములలో విత్తుడు. బొగడబంతి విత్తులకు నూగు కలదు. ఒక రాత్రి నానవేసి, ఇసుకతో కలిపి, పావు అంగుళము లోతున వేయవలెను. కోడిజుట్టు విత్తులు మిక్కిలి సన్ననివి; పొడి యిసుకతో చల్లి, పైన మన్ను పలుచగా రాల్చిన చాలును. మొలకెత్తు వఱకు మడి ఆరరాదు. నాలుగైదాకులు తొడిగిన పిదప జానెడు ఎడముంచి తక్కినవానిని పీకివేయుడు.

నీరు, ఎరువు: మొక్క నిలద్రొక్కుకొన్న పిదప నీరు క్రమముగా తగ్గింపవలెను. దినదినము చిలుకరించినచో వేళ్లు పైననే తిరుగును. రెండంగుళముల లోతున మన్ను ఆరినప్పుడు మాత్రమే బాగుగా తడిపినచో వేళ్లు లోతునకు దిగి యెండను తట్టుకొనును. యూరియా వేయకుడు, ఆకు పెరిగి పూవు ఆలస్యమగును. విత్తిన సుమారు మూడు నెలలకు బొగడబంతి పూయును.

విత్తనము: కడియపులంక తోటలలో నారు దొరకును గాని యేటేట కొనుట ఖర్చు. కావున మంచి మొక్క నొకదానిని పూతకాలముననే యెన్నుకొని, దారము కట్టి, దాని పూవులను కోయక వదలుడు. పూవు పూర్తిగా ఎండిన పిదప విత్తు తీసి, నీడన ఆరబెట్టి, గాలి చొరని సీసాలో దాచవలెను. మన తేమగాలి తగిలినచో మొలకశక్తి నశించును. సంకరజాతి విత్తునుండి తీసిన విత్తనము తల్లిపోలిక నిలుపదు గనుక నాటురకమునే యెన్నుకొనుడు.

సభ్యులు సమావేశమునకు వచ్చునపుడు తమ విత్తనమును పొట్లములుగ కట్టి తెచ్చి పరస్పరము మార్చుకొన్నచో, ఒక్క యేటి కొనుగోలుతో గ్రామమంతకును విత్తనము సమకూరును. సహకారమనగా నిదియే గదా!