కోలారు సీమలో నీళ్ళ విహారం

చిరంజీవి వేణుగోపాలునికి మేనమామ దీవించి వ్రాయునది.

ఏటి ఒడ్డునో సముద్రతీరానో గుడారం వేసేవారికి ఉండే ఆలోచన ఒకటి; ఏడాది పొడుగునా పారే నది ఒక్కటీ లేని కోలారు జిల్లాలో గుడారం వేసేవారికి ఉండవలసిన ఆలోచన మరొకటి. 2007లో చిక్కబళ్ళాపురం విడిపోక మునుపటి పాత కోలారు జిల్లాను లెక్కలోకి తీసుకుంటే పాలారు, ఉత్తర పినాకిని, దక్షిణ పినాకిని అనే మూడు నదుల పేర్లు చెప్పుకోవచ్చు గాని, గట్టి వానలు కురిసిన కొద్ది వారాలు తప్ప అవి ఎక్కువ చోట్ల ఇసుక పాయలుగానే కనిపిస్తాయి. అందువల్ల ఈ సీమలో కంటికి కనబడే నీరు దాదాపు అంతా ఎవరో ఒకరు ఏదో ఒక పనికోసం నిలిపిన నీరే. కొంత పైరుకు, కొంత తాగడానికి, కొంత భూమిలోకి ఇంకడానికి నిలిపినది; మరికొంత రాయి తవ్విన గుంతలో ఎవరూ కోరకుండానే చేరినది. మిత్రులతో కలిసి రెండు రోజులు గుడారాల్లో గడిపి, అందులో ఒక రోజును ఈతకూ ఊళ్ళు చూడడానికీ కేటాయించాలని చిరంజీవి సంకల్పించినట్టు తల్లి వ్రాసిన జాబు వల్ల తెలిసింది. ఆ సంకల్పాన్ని మానిపించడం ఈ లేఖ ఉద్దేశం కాదు. ఏ నీరు ఎందుకు నిలిచి ఉందో తెలుసుకున్నాకే దానిలో దిగాలా, గట్టున కూర్చుని చూడాలా అన్నది తేల్చుకోవాలని చెప్పడమే దీని ఉద్దేశం.

కాలం విషయంలో పెద్ద చర్చ అక్కరలేదు. కార్తీకం వెళ్ళాక సంక్రాంతి లోపల వెళ్ళడమే మేలు, ఎందుకంటే అప్పటికి తిరుగు రుతుపవనాల వానలు పడి చెరువుల్లో నీరు నిలకడగా ఉంటుంది, పగలు ఎండ బాధించదు. మాఘం దాటితే చాలా చెరువుల్లో పశువులు మేస్తుంటాయి.

చెరువును దూరం నుంచి చూసినవారికి అది నీటి పళ్ళెంలా కనిపిస్తుంది గాని, దాని నిర్మాణం తెలియనివారు అందులో ఈదకూడదు. వాలుకు అడ్డంగా పోసిన మట్టి గట్టును కట్ట అంటారు. పొలాలకు నీరు వదలడానికి కట్ట అడుగున ఉండే ద్వారం తూము. నిండాక మిగులు నీరు పొర్లిపోవడానికి ఒక కొసన రాతితో కట్టినది అలుగు, దీన్నే కన్నడం మాట్లాడేవారు కోడి అంటారు. లోతు కట్ట దగ్గరే ఎక్కువ, ఎదుటి ఒడ్డున తక్కువ. అయినా నగరం నుంచి వచ్చినవారు కారు కట్ట మీద ఆపి అక్కడి నుంచే దిగుతారు, అంటే అన్నింటికన్నా లోతైన చోటును ఎంచుకుంటారు. తూము తెరిచి ఉన్నప్పుడు పైన నీరు కదలనట్టే ఉన్నా అడుగున లాగుడు బలంగా ఉంటుంది, అందులో కాలో చెయ్యో చిక్కితే మనిషి బలం చాలదు. ఎదుటి ఒడ్డు కూడా ఇప్పుడు మునుపటిలా నమ్మదగింది కాదు: పూడిక తీయడానికో ఇటుక బట్టీలకు మట్టి తోలడానికో యంత్రాలతో తవ్విన గుంతలు నీటి అడుగున దాగి ఉంటాయి, మోకాటి లోతులో నడుస్తున్నవాడు తరువాతి అడుగులోనే మునిగిపోవచ్చు. చాలా చెరువుల్లో చేపలు పట్టుకునే హక్కును ఏటేటా గుత్తకు ఇస్తారు. గుత్తదారు వేసిన సన్నని నైలాను వలలు పగటివెలుతురులో కూడా ఈతగాడి కంటికి ఆనవు. ఈ సంగతులన్నీ ఆ ఊరి చాకలివారికీ, చేపలు పట్టేవారికీ, గొర్రెల కాపరులకూ తెలుసు. ముళబాగిలు, శ్రీనివాసపురం, బంగారుపేట పల్లెల్లో తెలుగు చాలామందికి ఇంటి భాషే కాబట్టి చిరంజీవికి భాష అడ్డురాదు, కట్ట మీద కనిపించిన పెద్దాయనను “తాతా, ఈ చెరువులో ఎక్కడ దిగొచ్చు?” అని అడగడానికి పట్టే కాలం, ఫోనులో పటం వెతకడానికి పట్టే కాలం కన్నా తక్కువ.

అదే పెద్దాయనను అడగవలసిన రెండో ప్రశ్న, ఆ నీరు ఎక్కడి నుంచి వచ్చిందని. 2018 నుంచి బెంగళూరు నగరపు మురుగునీటిని శుద్ధి చేసి పైపుల ద్వారా కోలారు చెరువులకు పంపుతున్నారు. కోరమంగల, చల్లఘట్ట లోయల పేర్ల మీద దీన్ని కె.సి. వ్యాలీ పథకం అంటారు; రోజుకు 44 కోట్ల లీటర్ల నీటిని వందకు పైగా చెరువులకు అందించడం దీని లక్ష్యం. ఇందులో జరిగే శుద్ధి రెండు దశలది: మొదటి దశలో బరువైన మలినాలు అడుగుకు పేరుకునేలా నిలబెడతారు, రెండో దశలో సూక్ష్మజీవుల చేత నీటిలో కరిగి ఉన్న సేంద్రియ పదార్థాన్ని తినిపిస్తారు. మూడో దశ శుద్ధి కూడా కావాలని జిల్లాలో చాలా కాలంగా వాదన నడుస్తూ ఉంది. వెయ్యి అడుగులు దాటి వేసినా బోర్లు ఎండిపోయే నేలలో భూగర్భజలం పెరగడానికి ఈ పథకం ఉపకరించిందన్న రైతుల మాటను తేలికగా కొట్టిపారేయనక్కర లేదు. కానీ భూమిలోకి ఇంకించడానికి తెచ్చిన నీరు మనుషులు మునకలు వేయడానికి తెచ్చినది కాదు. ఎండాకాలంలో కూడా తొణికిసలాడుతూ, చుట్టూ గుర్రపుడెక్క పెరిగి, అంచున నురుగు కట్టిన చెరువు కనిపిస్తే, ఎంత అందంగా ఉన్నా, కొంగలకూ నీటికాకులకూ వదిలిపెట్టి ముందుకు సాగడం మంచిది.

ఈతగాళ్ళను ఇటీవలి కాలంలో ఎక్కువగా మోసగిస్తున్నది చెరువు కూడా కాదు, పొలాల్లో తవ్వే నీటికుంట. కర్ణాటక ప్రభుత్వం 2014లో మొదలుపెట్టిన కృషి భాగ్య పథకం కింద వాననీటిని నిలుపుకోవడానికి రైతులు చతురస్రంగా గుంతలు తవ్వి, నీరు ఇంకకుండా వాటి లోపలి వాలు అంతటా దళసరి ప్లాస్టిక్ పట్టా పరుస్తారు. వీటిని అక్కడ కృషి హొండ అంటారు. నీలాకాశం కింద నిండుగా ఉన్న కుంట నగరంలోని ఈతకొలనును తలపిస్తుంది. తడిసి పాచి పట్టిన ఆ పట్టా మీద పట్టు దొరకదు, కాలు ఆనదు. దిగడం సులువే, ఎక్కడం మాత్రం ఈత బాగా వచ్చినవారికి కూడా సాధ్యం కాకపోవచ్చు. రైతు కట్టి ఉంచిన తాడో టైర్ల నిచ్చెనో లేని కుంట అంచుకు కూడా వెళ్ళకూడదు. రాతి క్వారీ గుంతల గురించి రెండు మాటలు చాలు: వాటికి లోతు తక్కువ ఒడ్డు అంటూ ఉండదు, పైన వెచ్చగా ఉన్న నీరు కొన్ని అడుగుల కింద ఒక్కసారిగా చల్లబడి ఊపిరి బిగబట్టేలా చేస్తుంది.

కోలారు బంగారు గనుల వైపు వెళ్ళినప్పుడు ఈత ఆలోచనను పూర్తిగా సంచిలోనే ఉంచాలి. 1880లో జాన్ టేలర్ అండ్ సన్స్ సంస్థ గనుల నిర్వహణ చేపట్టినప్పటి నుంచి 2001 ఫిబ్రవరి 28న భారత్ గోల్డ్ మైన్స్ సంస్థ పని ఆపేసే దాకా, నూట ఇరవై ఏళ్ళ పాటు ఇక్కడ భూమి లోపలి నుంచి రాయిని పైకి తెచ్చి, పొడిగా నూరి, తొలి ఏళ్ళ తరువాత సయనైడు ద్రావణంతో కడిగి, అందులోని బంగారాన్ని తీసుకున్నారు. మిగిలిన పొడిని కుప్పలు పోయగా ఏర్పడినవే సయనైడు దిబ్బలు. గాలికి దుమ్ము లేస్తూ, వానకు చాళ్ళు పడి కోసుకుపోతూ, చూడడానికి ఎడారిని తలపించే ఈ దిబ్బల మీద సినిమాలు తీశారు కాబట్టి కుర్రవాళ్ళకు వాటిపై మోజు ఉండడం సహజమే. దూరం నుంచి ఫోటో తీసుకుంటే తప్పు లేదు. వాటి పాదాల దగ్గర నిలిచిన మడుగుల్లో మాత్రం చెయ్యి కూడా కడగరాదు. మూతబడిన గనుల ప్రవేశ కూపాలు, అంటే షాఫ్టులు, ఇప్పుడు నీటితో నిండి ఉన్నాయి. ఆ ప్రాంగణంలోకి అనుమతి లేకుండా వెళ్ళడం చట్టరీత్యానూ తప్పే, బుద్ధిరీత్యానూ తప్పే.

అయితే నీటి గురించి ఆలోచించేవారికి ఈ ఊరు చెప్పగలిగినంత మరే ఊరూ చెప్పలేదు. ఏడాది పొడుగునా పారే నది లేని ఈ నేలలోని గనులు 1902 నుంచి కావేరి నీటి బలంతో నడిచాయి: శివనసముద్రం జలపాతం దగ్గర పుట్టించిన విద్యుత్తును సుమారు 150 కిలోమీటర్ల తీగల మీద ఇక్కడికి తెచ్చారు, ఆనాటికి ఆసియాలో అంత దూరం విద్యుత్తు పంపడం గొప్ప సాహసం. తాగునీటి కోసం పాలారు మీది బేతమంగల జలాశయం నుంచి నీటిని తోడి పంపారు. సుమారు 3.2 కిలోమీటర్ల లోతుకు దిగిన ఛాంపియన్ రీఫ్ గనిలో, కిలోమీటర్ల మందాన రాయి కప్పు ఉన్న కారణంగా, విశ్వకిరణాల వల్ల వాతావరణంలో పుట్టే న్యూట్రినోలు అనే అతిసూక్ష్మ కణాలను 1965లో శాస్త్రజ్ఞులు గుర్తించారు. ఇంత చరిత్ర కలిగిన ఊళ్ళో కార్మికుల లైన్లు, అంటే వరుసగా కట్టిన ఒంటిగది ఇళ్ళు, ఇప్పటికీ మనుషులు కాపురం ఉంటున్న ఇళ్ళే. చిత్తూరు వైపు నుంచీ ఉత్తర ఆర్కాడు నుంచీ వచ్చిన కుటుంబాల మూడో తరం, నాలుగో తరం వారు పొద్దున్నే రైలెక్కి బెంగళూరుకు కూలికీ ఉద్యోగానికీ పోయి రాత్రికి తిరిగి వస్తారు. వారి గుమ్మం ముందు నిలబడి అడగకుండా ఫోటోలు తీయడం విహారం అనిపించుకోదు.

బేతమంగల జలాశయం విషయంలో ఒక మర్యాద పాటించాలి: జనానికి తాగునీరిచ్చిన చోట కట్ట మీద నడవవచ్చు, విజయేంద్రస్వామి గుడి చూడవచ్చు, నీటిలో దిగకూడదు. అంతరగంగకూ ఇదే వర్తిస్తుంది. కోలారు పట్టణానికి ఆనుకొని ఉన్న శతశృంగ పర్వతంలో రాతి బసవని నోటి నుంచి ధార పడే ఆ క్షేత్రంలో భక్తులు నీటిని తీర్థంగా పట్టుకుంటారు. అది గంతులు వేసే చోటు కాదు.

ఇన్ని వద్దుల తరువాత ఎక్కడ ఈదాలన్న ప్రశ్నకు జవాబు చెప్పకపోతే పెద్దరికానికి అర్థం లేదు. వాననీటితో మాత్రమే నిండిన, ఆ ఊరి పిల్లలు వీపుకు బెండ్లు కట్టుకొని ఈత నేర్చుకునే చెరువో పాత దిగుడుబావో ఒకటి చూసుకొని, ఊరి ఈతగాడు ఒకరిని వెంట ఉంచుకొని, ఉదయం ఎనిమిది నుంచి పది మధ్య అతడు చూపిన మేరలోనే ఈదితే చాలు. అలాంటి చోటు దొరకకపోతే సరిహద్దు దాటి పలమనేరు–కుప్పం దారిలోని కైగల్ జలపాతానికి వెళ్ళవచ్చు. అక్కడ ధార కింద తడవడమే తప్ప గుండంలోకి దూకరాదు, పాచి పట్టిన బండల మీద చెప్పులతో నడవరాదు. లోతు తెలియని నీటిలోకి తలకిందులుగా దూకినవారి మెడ ఎముక విరిగితే జీవితాంతం మంచం పట్టవలసి వస్తుంది, ఇది ఎక్కడికైనా వర్తించే మాట. మద్యం సంగతి వేరే వ్రాయనక్కర లేదు.

బృందంలో ఒకరు ఎప్పుడూ గట్టు మీదే ఉండాలి. ఆ వంతు గంటకొకరు మార్చుకోవచ్చు. అతని దగ్గర గట్టి తాడు, దాని కొసన మూత బిగించిన ఖాళీ నీళ్ళ క్యాను ఉంటే, మునుగుతున్నవారికి విసరడానికి అంతకు మించిన సాధనం అక్కరలేదు. మునిగేవాడు కేకలు వేస్తాడని అనుకోవడం పొరపాటు. నోరు నీటిపైన నిలవని మనిషికి కేక వేసే ఊపిరి ఉండదు, కాబట్టి గట్టు మీది వాని కళ్ళు ఫోను మీద కాక నీటి మీద ఉండాలి. ఒకరిని రక్షించబోయి వెంటవెంటనే దూకినవారు కూడా పోవడం పల్లెల్లో పదేపదే జరుగుతున్న విషాదం. 2024 డిసెంబరులో ముళబాగిలు తాలూకా నుంచి విహారయాత్రకు వెళ్ళిన నలుగురు విద్యార్థినులు మురుడేశ్వరం సముద్రంలో మరణించినప్పుడు ఈ జిల్లా పడిన దుఃఖం ఇంకా పచ్చిగానే ఉంది. చెరువులు చూసి పెరిగిన పిల్లలకు అలల లాగుడు తెలియదు, నగరపు కొలనులో ఈదిన వారికి చెరువు తెలియదు.

మధ్యాహ్నం తరువాత చూడవలసిన చోట్లను వీలైనంత తగ్గించుకోవాలి. కమ్మసంద్రలోని కోటిలింగేశ్వరం, బంగారు తిరుపతి, కురుడుమలె, కోలారమ్మ గుడి, హైదర్ అలీ పుట్టిన బూదికోట అని ఒక్క రోజులో వరుసపెట్టి చుట్టివచ్చేవారికి మిగిలేది చెప్పులు విడిచిన లెక్క మాత్రమే. ఈదిన రోజున ఒళ్ళు తేలికగా, మనసు నిదానంగా ఉంటుంది కాబట్టి ఆవని ఒక్కటీ చాలు. పదో శతాబ్దంలో నొలంబ రాజుల కాలం నాటి రామలింగేశ్వర ఆలయ సముదాయం అక్కడ ఉంది. రాముడు, లక్ష్మణుడు, భరతుడు, శత్రుఘ్నుడు ఒక్కొక్కరి పేరున ఒక్కొక్క శివాలయం ఒకే ప్రాంగణంలో నిలిచి ఉండగా, శిల్పం విషయంలో లక్ష్మణేశ్వరమే అన్నగారి గుడిని మించి ఉండడం గమనించవలసిన సంగతి. వెనక కొండ మీద సీతమ్మ గుడి ఉంది. లవకుశులు పుట్టింది ఇక్కడే అని స్థానికుల విశ్వాసం. బండల మధ్య మెట్లెక్కి పైకి వెళ్ళి, దిగువన ఒకదాని కింద ఒకటిగా పరుచుకొన్న చెరువులను చూస్తే, పై చెరువు అలుగు పారిన నీరు కింది చెరువులోకి చేరే గొలుసు అమరిక కంటికి స్పష్టంగా తెలుస్తుంది. 2021 నవంబరు వానలకు ఏళ్ళ తరబడి నిండని చెరువులు సైతం ఈ గొలుసు వెంట అలుగులు పారాయి.

గుడారం చెరువు లోపలి నేలలో గాని, వాగు ఇసుకలో గాని వేయరాదు. పైన ఎక్కడో కురిసిన వాన రాత్రికి రాత్రి కిందికి చేరుతుంది. శతశృంగం మీద గాని మరే అడవి అంచున గాని బస చేయాలంటే అటవీశాఖ అనుమతి ముందే తీసుకోవాలి. బంగారుపేట తాలూకాలోని కామసముద్రం వైపు, కౌండిన్య అభయారణ్యం వైపు ఏనుగుల సంచారం ఉంది కాబట్టి ఆ దిక్కున రాత్రి బస తలపెట్టకపోవడమే మంచిది. జిల్లాలో చాలా చోట్ల బోరు నీటిలో ఫ్లోరైడు ఎక్కువ. రెండు రోజులు తాగితే కీడు జరుగుతుందని కాదు గాని, తాగే నీరు వెంట తీసుకువెళ్తే ఊరివారి కుళాయి దగ్గర వరుసలో నిలబడి వారి వంతు తగ్గించే పని ఉండదు.

తిరుగు ప్రయాణంలో ముళబాగిలులో ఆగి అక్కడి దోసె తినకుండా వస్తే ఆ ఊరివారు క్షమించినా మేనమామ క్షమించడు. ఏ ఊరి చెరువులో దిగుతున్నదీ, ఎవరి వెంట వెళ్తున్నదీ ముందురోజు రాత్రే తల్లికి ఫోను చేసి చెప్పాలి. అత్యవసర సహాయానికి 112 నంబరు ఉన్నా, కొండల చాటున ఫోను పలకని చోట్లు చాలా ఉన్నాయి.

ఇట్లు,
ఆశీస్సులతో
మేనమామ