నిదానమే ప్రధానం

ఉద్దేశం: లోపాన్ని గుర్తించడం, దాన్ని సరిచేయడం వేరువేరు విద్యలనీ, కంటికి కనిపించని నైపుణ్యానికి కూడా తగిన ప్రతిఫలం చెల్లించాలనీ విద్యార్థులకు తెలియజేయడం ఈ పాఠం ఉద్దేశం.

'నిదానం' అంటే తెలుగులో తొందరపడకపోవడం. సంస్కృతంలో ఈ పదానికి మూలకారణమని అర్థం. రోగకారణాన్ని నిర్ణయించడాన్ని ఆయుర్వేదం నిదానమన్నది. మాధవకరుని 'రోగవినిశ్చయం' మాధవనిదానమనే పేరుతో ప్రసిద్ధి పొందింది. ఆ గ్రంథం రోగాలను గుర్తించే విధానాన్నే వివరిస్తుంది, చికిత్సను చెప్పదు. రోగాన్ని గుర్తించడం ఒక స్వతంత్రమైన విద్య అని మన పూర్వులు భావించారనడానికి ఇది చక్కని నిదర్శనం. అయితే ఈ సత్యం గ్రంథం చదివినప్పుడు కాక, మా కారు మొరాయించినప్పుడు నాకు పూర్తిగా బోధపడింది.

కొన్నేళ్ల క్రితం మా పెట్రోలు కారు ఎత్తు ఎక్కేటప్పుడు కుదుపులకు లోనుకావడం మొదలైంది. ఇంజను బొమ్మ ఉన్న దీపం మిణుకుమిణుకుమనసాగింది. చిన్న చిన్న మరమ్మతులు స్వయంగా చేసుకోవడం నాకు అలవాటు. ఆ ధీమాతో ఎవరినీ సంప్రదించకుండానే నాలుగు స్పార్క్ ప్లగ్గులు మార్చాను. ఫలితం లేదు. ఎయిర్ ఫిల్టరు మార్చాను. కుదుపులు తగ్గలేదు. రెండు వేల రూపాయలు ఖర్చయిన తరువాత గాని, నేను చేస్తున్నది చికిత్స కాదనీ, గుడ్డెద్దు చేలో పడ్డ చందమనీ తెలిసిరాలేదు.

చివరకు మా వీధి చివరనున్న మెకానిక్ షెడ్డుకు వెళ్లాను. యజమాని స్టీరింగు కింద ఉన్న సాకెట్టుకు స్కానరు తగిలించాడు. కారులోని కంప్యూటరు తాను గమనించిన లోపాలను సంకేతాల రూపంలో భద్రపరుస్తుంది. వాటిని చదివేందుకు వీలైన ఒకే తరహా ఏర్పాటు అమెరికాలో 1996 నమూనా కార్ల నుండి తప్పనిసరి అయింది. తరువాతి కాలంలో మన దేశానికీ వచ్చింది. తెర మీద 'పి0301' అనే సంకేతం కనిపించింది.

"మొదటి సిలిండరులో పెట్రోలు సరిగా మండడం లేదు మాస్టారూ!" అన్నాడాయన.

"అయితే ఏ భాగం మార్చాలి?"

"అది స్కానరు చెప్పదండీ. జ్వరం ఉందని థర్మామీటరు చెబుతుంది. ఎందుకు వచ్చిందో చెప్పదు కదా!"

ప్లగ్గు, కాయిల్, ఇంజెక్టరు, సిలిండరులోని ఒత్తిడి – వీటిలో దేని లోపమైనా కావచ్చు. మా కారులో ఒక్కొక్క సిలిండరుకు ఒక్కొక్క కాయిల్ ఉంటుంది. ఆయన మొదటి రెండు సిలిండర్ల కాయిళ్లను తారుమారు చేసి, పాత సంకేతాన్ని చెరిపి, కారు నడిపి చూశాడు. ఈసారి 'పి0302' కనిపించింది. అంటే లోపం కాయిల్‌తో పాటు రెండవ సిలిండరుకు తరలిపోయింది. దోషం కాయిల్‌దే! లక్షణాలు స్పష్టంగా లేని రోగాన్ని ఔషధాహారాలను ప్రయోగించి, అవి కలిగించే మేలు కీడులను బట్టి గుర్తించడాన్ని ఆయుర్వేదం 'ఉపశయం' అంటుంది. ఆయన ఆ పేరు ఎత్తకుండానే నా కళ్లముందు దానిని ఆచరించి చూపాడు.

అప్పుడు నాలో సంకోచం మొదలైంది. ఒక్క బోల్టు విప్పితే కాయిల్ మార్చవచ్చు. ఆ పని నేనే చేసుకోగలను. ఆ మాట చెబితే ఆయన నొచ్చుకుంటాడేమో! ఏదో నెపం చెప్పి వచ్చేస్తే, అది ఆయన విద్యను దొంగిలించడమే. ధైర్యం చేసి, "బిగింపు నేను చేసుకుంటాను. లోపం కనిపెట్టినందుకు ఎంత ఇమ్మంటారు?" అన్నాను.

ఆయన కాసేపు మౌనంగా ఉన్నాడు. "ఇలా అడిగేవాళ్లు తక్కువ మాస్టారూ! 'చూశావంతే కదా, డబ్బెందుకు?' అంటారు. అందుకే ఈ కష్టాన్ని కూడా సామాను ధరలోనో, బిగింపు కూలిలోనో కలిపేస్తుంటాం" అన్నాడు.

ఆ మాట నన్ను ఆలోచింపజేసింది. నిదానానికి వెల కట్టనిచోట అనవసరమైన చికిత్సకు వెల కట్టవలసి వస్తుంది. ఆయన అడిగిన ఐదు వందల రూపాయలు చెల్లించి, చేసిన పరీక్షనూ మార్చవలసిన భాగాన్నీ చీటీ మీద రాయించుకొన్నాను. "అంతవరకు కారు తిప్పకండి. మండని పెట్రోలు పొగగొట్టంలోకి పోతే కేటలిటిక్ కన్వర్టరు పాడవుతుంది. అది చాలా ఖరీదు" అని ఆయన హెచ్చరించాడు. మరునాడు ఇంజను చల్లగా ఉన్నప్పుడు కొత్త కాయిల్ అమర్చాను. కుదుపులు ఆగిపోయాయి.

విద్యార్థులారా! స్వయంకృషికి కూడా హద్దులున్నాయి. బ్రేకులు, స్టీరింగు, ఎయిర్ బ్యాగులు, పెట్రోలు గొట్టాల వంటివి అనుభవజ్ఞులకే వదిలిపెట్టాలి. కేవలం జాకీ మీద నిలిపిన కారు కిందికి ఎన్నడూ దూరరాదు. స్వయంగా చేసిన బిగింపులో పొరపాటు జరిగితే ఆ బాధ్యత మనదే. లోపం చెప్పినవారిది కాదు. చేతికందే వస్తువుకు వెల చెల్లించడం అందరికీ తెలుసు. కంటికి కనిపించని తెలివికి వెల చెల్లించడం సంస్కారం.

కఠిన పదాలు – అర్థాలు

నిదర్శనం = ఉదాహరణ
నెపం = సాకు
సంకోచం = వెనుకంజ
చందం = విధం

ప్రశ్నలు

1. రచయిత మొదట చేసిన పొరపాటేమిటి? దానివల్ల ఏం గ్రహించాడు?
2. కాయిల్‌లోనే దోషమున్నదని మెకానిక్ ఎలా నిర్ధారించాడు? అది 'ఉపశయం'తో ఎలా పోలుతుంది?
3. "ఇలా అడిగేవాళ్లు తక్కువ మాస్టారూ!" – సందర్భ సహితంగా వ్యాఖ్యానించండి.
4. 'ఔషధాహారాలు' – పదాన్ని విడదీసి, సంధి పేరు రాయండి.