కాళ్ల బలహీనత అంతా డిస్క్ జబ్బు కాదు

మీ ఇంట్లో పెద్దాయన కొద్ది దూరం నడిచేసరికి కాళ్లు బరువెక్కి కూర్చుండిపోతున్నారా? కాలి చెప్పు జారినా తెలియడం లేదా? మూత్రం సరిగా రావడం లేదా? వయసు ప్రభావమనో, డిస్క్ జారిందనో, ప్రోస్టేట్ అనో అనుకుంటాము. చాలామందిలో కారణం అదే కావచ్చు. కాని అరుదుగా, వెన్నుపాము రక్తనాళాలలోని లోపం వల్ల కూడా ఇలా జరుగుతుంది.

జబ్బు ఏమిటి?

ధమనిలో రక్తం ఒత్తిడి ఎక్కువ, సిరలో తక్కువ. వెన్నుపామును కప్పే పొరలో ధమని నేరుగా సిరతో కలిసిపోతే, ఆ ఒత్తిడికి సిరలు ఉబ్బుతాయి. రక్తం సాఫీగా వెనక్కు పోలేక వెన్నుపాము వాస్తుంది. దీనిని డ్యూరల్ ఫిస్టులా అంటారు. 50 ఏళ్లు దాటిన మగవారిలో ఎక్కువగా కనిపిస్తుంది.

ఎలా కనుగొంటారు?

1. మీరు చెప్పే వివరాలు: ఒకసారి ఒక రోగి భార్య, "మా ఆయన పొలం దాకా నడిచేవాడు, ఇప్పుడు వాకిలి దాటితే కూలబడుతున్నాడమ్మా" అన్నది. ఆ మాట విని డాక్టరుగారు నడుముతోపాటు వీపు భాగానికీ స్కానింగ్ రాశారు. బలహీనత ఎప్పుడు మొదలైంది, ఎలా పెరిగింది, మలమూత్రాల ఇబ్బంది ఉందా అన్నది దాచకుండా చెప్పండి. స్టిరాయిడ్ మందు వాడాక బలహీనత పెరిగితే వెంటనే తెలియజేయండి.

2. ఎమ్.ఆర్.ఐ.: వెన్నుపాము వాపు, దాని చుట్టూ ఉబ్బిన సిరలు కనిపించవచ్చు.

3. యాంజియోగ్రామ్: లోపం ఏ చోట ఉందో కచ్చితంగా తేల్చే పరీక్ష ఇదే. సాధారణంగా గజ్జలోని ధమని ద్వారా సన్నని గొట్టం పంపి, రంగు మందు ఎక్కించి ఎక్స్‌రే చిత్రాలు తీస్తారు. కిడ్నీ జబ్బు, షుగర్, అలర్జీ, రక్తం పలచబడే మందులు ఉంటే ముందే చెప్పండి. పరీక్ష తరువాత కొన్ని గంటలు కాలు వంచకుండా పడుకోబెట్టాలి. గజ్జలో రక్తం కారినా, వాచినా, కాలు చల్లబడినా వెంటనే నర్సును పిలవండి.

ఎందుకు తొందర?

ఆపరేషన్ ద్వారా గాని, గొట్టం ద్వారా జిగురు మందు పంపి గాని ఆ కలయికను మూసివేస్తారు. దానితో జబ్బు ముదరడం సాధారణంగా ఆగుతుంది. చాలామందికి నడక మెరుగవుతుంది. మూత్రం ఇబ్బంది అంత తేలికగా తగ్గదు. ఆలస్యమయ్యేకొద్దీ పోయిన శక్తి తిరిగి రావడం కష్టం.

హఠాత్తుగా వీపులో తీవ్రమైన నొప్పి వచ్చి కాళ్లు పడిపోతే, తెల్లవారేదాకా ఆగకండి. వెంటనే ఆసుపత్రికి తీసుకురండి.