తీగల విమానానికి వేగం మార్చడం ఎలా?

జొన్నచేలో పిట్టలను తోలడానికి వడిసెల తిప్పడం చూశారా? రాయి ఎంత జోరుగా తిరిగితే చేతిని అంత గట్టిగా లాగుతుంది. తీగల విమానంలోనూ ఇదే సూత్రం ఉంది.

ఇది మోటారుతో నిజంగా ఎగిరే నమూనా విమానం. ఎగరేసేవారు మధ్యలో నిలబడి పిడి పట్టుకుంటారు. పిడి నుంచి రెండు సన్నని ఉక్కుతీగలు విమానానికి పోతాయి. ఒక తీగను లాగితే తోకలోని పలక కదిలి విమానం పైకి లేస్తుంది. రెండోదాన్ని లాగితే కిందికి దిగుతుంది. అమెరికాలో జిమ్ వాకర్ 1940 ప్రాంతంలో ఈ పద్ధతిని ప్రచారంలోకి తెచ్చాడు. మన ఎన్.సి.సి. వైమానిక విభాగం క్యాడెట్లు కూడా ఇలాంటి విమానాలు ఎగరేస్తారు.

ఒక లెక్క చేద్దాం. విమానం ద్రవ్యరాశి 1.5 కిలోలు, తీగల పొడవు 18 మీటర్లు, ఒక చుట్టుకు 5 సెకన్లు అనుకోండి. చుట్టు దూరం సుమారు 113 మీటర్లు. కనుక వేగం సెకనుకు 22.6 మీటర్లు. ద్రవ్యరాశిని వేగం వర్గంతో గుణించి వ్యాసార్ధంతో భాగిస్తే తీగల బిగువు వస్తుంది: దాదాపు 43 న్యూటన్లు. అంటే చేతికి నాలుగు కిలోలకు పైగా బరువు తగిలించినట్లే!

వేగం సగమైతే బిగువు సగం కాదు, నాలుగో వంతే మిగులుతుంది. తీగలు వదులైతే పిడిని ఎంత తిప్పినా పలక కదలదు, విమానం కూలుతుంది.

అనంతపురం మెట్టనేలల్లో నైరుతి గాలులు వానలు అంతగా కురిపించకపోయినా జోరుగా వీస్తాయి. అందుకే 1990లలో రామగిరి కొండలపై గాలిమరలు వెలిశాయి. గాలి వచ్చే దిక్కుకు విమానం చేరినప్పుడు ఆ గాలి దాన్ని మధ్యకు నెట్టి తీగలను వదులు చేస్తుంది. అప్పుడు వేగం పెంచగలగాలి. దిగేటప్పుడు తగ్గించగలగాలి.

మోటారు దారిలో నిరోధం పెడితే వేగం తగ్గుతుంది. కాని బ్యాటరీ శక్తి కొంత వేడిగా వృథా అవుతుంది. అందుకని ఎలక్ట్రానిక్ నియంత్రణి కరెంటును సెకనుకు వేలసార్లు ఇచ్చి ఆపుతుంది. ఇచ్చే కాలం ఎక్కువైతే వేగం ఎక్కువ. దీనికి ఆజ్ఞ చిన్న విద్యుత్ స్పందనగా అందుతుంది. సాధారణంగా స్పందన సెకనులో వెయ్యోవంతు ఉంటే మోటారు ఆగుతుంది, రెండు వెయ్యోవంతులుంటే పూర్తి వేగం.

ఆ ఆజ్ఞను పంపడానికి నాలుగు దారులున్నాయి:

1. టైమరు: వేగం, సమయం ముందే నిర్ణయించాలి. తేలిక, కాని మధ్యలో మార్చలేము.

2. మూడో తీగ: పిడి మీది మీటను నొక్కితే విమానంలోని చిన్న రేడియో గుండీ వంటిది తిరుగుతుంది. నమ్మకమైనదే, కాని అదనపు తీగకు గాలి అడ్డు ఎక్కువ.

3. విద్యుత్ తీగలు: సన్నని పూతతో వేరుచేసిన ఆ రెండు తీగల ద్వారానే సంకేతం పంపవచ్చు. పూత చెడితే సంకేతం తెగిపోతుంది.

4. రేడియో: అదనపు తీగ అక్కరలేదు, చిన్న గ్రాహకం చాలు.

ఒక హెచ్చరిక: కరెంటు తీగల దగ్గర, ఉరుములప్పుడు ఈ విమానాన్ని ఎగరేయవద్దు. బోరు మోటారుకు పోయే లైనుకు ఉక్కుతీగ తగిలితే ప్రాణమే పోతుంది.

ఇక మీకో ప్రశ్న: వేగం మూడో వంతుకు తగ్గితే తీగల బిగువు ఎన్నో వంతు అవుతుంది?