చదరంగంలో గుడివాడ అమ్మాయి

నాగాయలంకలో పొద్దు వాలింది. చేల పని, రొయ్యల పని ముగించుకుని ఆడవాళ్లు చదువు కేంద్రానికి వచ్చారు. బయట అరుగు మీద ఇద్దరు ఆడపిల్లలు సుద్దముక్కతో గళ్లు గీశారు. చింతపిక్కలు వేసుకుని అష్టాచెమ్మా ఆడుతున్నారు.

"ఆడపిల్లలకు ఆటలేంటే? లేచి అంట్లు తోమండి" అని కసిరింది ఒక పెద్దామె.

"ఉండు పిన్నీ. ఆట ఆడే లోకాన్ని గెలిచిన ఆడపిల్ల మన జిల్లాలోనే పుట్టింది" అంది కేంద్రం నడిపే ప్రేరక్.

"ఏ ఊరమ్మా?"

"గుడివాడ. మన ఊళ్లో బస్సెక్కి అవనిగడ్డ, చల్లపల్లి, పామర్రు దాటితే గుడివాడే కదా."

ఆడవాళ్లంతా దగ్గరకు జరిగారు. ఆ అమ్మాయి కథే ఈ పాఠం.

విజేత అని పేరు

ఆమె పేరు కోనేరు హంపి. 1987 మార్చి 31న పుట్టింది. తల్లి లత. తండ్రి అశోక్. అశోక్‌కు చదరంగం అంటే ప్రాణం. ఛాంపియన్ అంటే విజేత. ఆ మాటలోంచే బిడ్డకు హంపి అని పేరు పెట్టారు.

హంపికి అప్పుడు ఐదారేళ్లు. తండ్రి చదరంగం బల్ల ముందు కూర్చుని ఆలోచిస్తున్నాడు. పిల్ల పక్కన చేరి ఒక ఎత్తు చెప్పింది. తండ్రి ఆశ్చర్యపోయాడు. బిడ్డలో ఏదో ఉందని కనిపెట్టాడు. ఆయన కాలేజీలో పాఠాలు చెప్పేవాడు. ఆ ఉద్యోగం మానేసి బిడ్డకు ఆట నేర్పాడు. ఆడపిల్ల ఆట కోసం తండ్రి ఉద్యోగం వదులుకోవడం చిన్న సంగతి కాదు.

ఆట ఎలా ఉంటుంది?

చదరంగం బల్ల మీద అడ్డంగా 8 గళ్లు, నిలువుగా 8 గళ్లు ఉంటాయి. ఎనిమిది ఎనిమిదులు 64. మొత్తం 64 గళ్లు. ఒకరివి తెల్ల పావులు, ఇంకొకరివి నల్ల పావులు. ఒక్కొక్కరికి 16 పావులు. ఒక రాజు, ఒక మంత్రి, రెండు ఏనుగులు, రెండు శకట్లు, రెండు గుర్రాలు, 8 బంట్లు. ఎదుటివారి రాజు ఎటూ తప్పించుకోలేకుండా చేస్తే ఆట కట్టు. అదే గెలుపు.

అష్టాచెమ్మాలో గవ్వలు ఎలా పడితే అలా నడవాలి. చదరంగంలో గవ్వలు లేవు. అదృష్టం మీద ఆశ పెట్టుకోవడానికి లేదు. తానొక ఎత్తు వేస్తే అవతలివారు ఏం వేస్తారు? దానికి తాను ఏం వేయాలి? ఇలా ముందుచూపుతో ఆడాలి.

బల్ల మీద అన్నిటికన్నా బలమైన పావు మంత్రి. చాలా దేశాల్లో ఆ పావును రాణి అంటారు. అన్నిటికన్నా చిన్నది బంటు. మామూలుగా ఒక్కొక్క గడే ముందుకు నడుస్తుంది. వెనక్కి రాదు. కానీ చావకుండా చివరి గడికి చేరితే ఆ బంటే మంత్రి అవుతుంది.

గెలుపు మీద గెలుపు

1997లో ఫ్రాన్సు దేశంలో పదేళ్లలోపు ఆడపిల్లల ప్రపంచ పోటీ జరిగింది. హంపి గెలిచింది. 1998లో పన్నెండేళ్లలోపు పోటీలో, 2000లో పద్నాలుగేళ్లలోపు పోటీలో కూడా గెలిచింది. 1999లో అహ్మదాబాదులో ఆసియా పిల్లల పోటీ జరిగింది. అక్కడ మగపిల్లలతో కలిసి ఆడి, వారినీ ఓడించి మొదటి స్థానం తెచ్చుకుంది.

చదరంగంలో అన్నిటికన్నా పెద్ద బిరుదు గ్రాండ్‌మాస్టర్. అది ఒక్క పోటీ గెలిస్తే రాదు. గట్టి ఆటగాళ్ల మధ్య మళ్లీ మళ్లీ నెగ్గుకు రావాలి. హంపి 2002లో ఆ బిరుదు సాధించింది. అప్పటికి ఆమె వయసు 15 ఏళ్ల 1 నెల 27 రోజులు. అంత చిన్న వయసులో అప్పటివరకు లోకంలో ఏ ఆడపిల్లకూ ఆ బిరుదు రాలేదు. భారతదేశంలో గ్రాండ్‌మాస్టర్ అయిన మొదటి మహిళ కూడా ఆమే.

అంతకు ముందు ఆ రికార్డు హంగరీ దేశపు జూడిట్ పోల్గార్‌ది. పోల్గార్ పుట్టిన ఊరు బుడాపెస్ట్. హంపి తన బిరుదు పూర్తి చేసుకున్నదీ ఆ ఊళ్లోనే.

2006లో దోహాలో ఆసియా క్రీడలు జరిగాయి. హంపి బంగారు పతకాలు తెచ్చింది. 2007లో ప్రభుత్వం పద్మశ్రీ ఇచ్చి గౌరవించింది.

ఓటమి కూడా ఆటే

"అయితే ఆ పిల్ల ఎప్పుడూ ఓడలేదా?" అని పెద్దామె అడిగింది.

ఓడింది. 2008లో చైనా అమ్మాయి హౌ ఇఫాన్ ఇంకా చిన్న వయసులో గ్రాండ్‌మాస్టర్ అయింది. హంపి రికార్డు పోయింది. 2011లో ప్రపంచ మహిళా ఛాంపియన్ పట్టం కోసం వారిద్దరూ తలపడ్డారు. ఆ పోటీలోనూ హంపి ఓడింది. ఒక్క ఆట కూడా గెలవలేకపోయింది.

ఆమె ఆట మానలేదు.

తల్లి అయ్యాక

2014లో హంపికి పెళ్లయింది. 2017లో ఆడపిల్ల పుట్టింది. రెండేళ్ల పాటు పోటీలకు దూరంగా ఉంది. "ఇంకేం ఆడుతుందిలే" అనుకునేవాళ్లు ఎక్కడైనా ఉంటారు కదా. 2018లో హంపి మళ్లీ బల్ల ముందు కూర్చుంది.

2019 డిసెంబరులో మాస్కోలో ప్రపంచ ర్యాపిడ్ పోటీ జరిగింది. ర్యాపిడ్ అంటే త్వరగా ఆడే ఆట. ఒక్కొక్కరికి 15 నిమిషాలు ఇస్తారు. ఎత్తు వేసిన ప్రతిసారీ 10 సెకన్లు కలుపుతారు. గడియారం పక్కనే నడుస్తుంటుంది. సమయం అయిపోతే ఆట పోయినట్టే. చివరికి హంపి, చైనాకు చెందిన లెయ్ టింగ్‌జీ సమానంగా నిలిచారు. గెలుపు తేల్చడానికి మళ్లీ ఆడించారు. మొదటి ఆట హంపి ఓడింది. రెండో ఆట గెలిచింది. ఆఖరి ఆటతో పట్టం ఆమెదే అయింది. అప్పటికి ఇంట్లో రెండేళ్ల బిడ్డ ఉంది.

2024 డిసెంబరులో న్యూయార్కులో అదే పోటీ. హంపికి 37 ఏళ్లు. మొదటి ఆటే ఓడిపోయింది. అయినా నిలదొక్కుకుంది. చివరి ఆట ఇండోనేషియా అమ్మాయి ఐరీన్ సుకందర్‌తో. అందులో గెలవాలి. నల్ల పావులతో ఆడి గెలిచింది. 11 ఆటల్లో 8.5 పాయింట్లు వచ్చాయి. గెలిస్తే ఒక పాయింటు, సమానమైతే అర పాయింటు. అలా రెండోసారి పట్టం దక్కింది.

2025 జులైలో జార్జియా దేశంలో మహిళల ప్రపంచ కప్ జరిగింది. ఫైనల్‌కు వచ్చిన ఇద్దరూ మన దేశం వారే. హంపికి 38 ఏళ్లు, నాగపూరు అమ్మాయి దివ్య దేశ్‌ముఖ్‌కు 19 ఏళ్లు. దివ్య గెలిచింది. గ్రాండ్‌మాస్టర్ బిరుదు కూడా అందుకుంది. ఒకప్పుడు హంపి వేసిన బాటలోనే ఆ పిల్ల నడిచింది.

బిడ్డను ఎవరు చూశారు?

"మరి ఈమె దేశాలు తిరుగుతుంటే పసిబిడ్డను ఎవరు చూశారమ్మా?" అని ఒక కోడలు అడిగింది. ఆమె చంకలో బిడ్డ ఉంది.

"హంపి తల్లిదండ్రులు చూసుకున్నారు. భర్త అండగా నిలిచాడు" అంది ప్రేరక్. "తెలివి ఆమెదే. కష్టం ఆమెదే. కానీ ఇంట్లోవాళ్లు తలా ఒక చెయ్యి వేయకపోతే ఆ తెలివి ఇంట్లోనే ఉండిపోయేది."

పెద్దామె కాసేపు మాట్లాడలేదు. తర్వాత అరుగు వైపు చూసింది. పిల్లలు సుద్దగళ్లు చెరిపేసి లేవబోతున్నారు.

"ఉండండే. ఆట పూర్తి చెయ్యండి" అంది పెద్దామె. "అంట్ల సంగతి మీ అన్నయ్యకు చెబుతాను."

అందరూ నవ్వారు.

కొత్త మాటలు

ఎత్తు: ఆటలో పావును జరపడం
పావు: ఆటలో జరిపే కాయ
పట్టం: గెలిచినవారికి దక్కే పెద్ద స్థానం
బిరుదు: గొప్పతనానికి ఇచ్చే పేరు

మాట్లాడుకుందాం

1. హంపి 1987లో పుట్టింది. 2002లో గ్రాండ్‌మాస్టర్ అయింది. 2002లోంచి 1987 తీసేస్తే ఎంత?
2. చదరంగానికీ, అష్టాచెమ్మాకూ తేడా ఏమిటి?
3. బిడ్డ పుట్టాక హంపి మళ్లీ ఆడగలిగింది. అందుకు ఎవరెవరు సాయపడ్డారు?
4. మీ ఇంట్లో ఆడపిల్లకు, మగపిల్లవాడికి పనులు సమానంగా ఉన్నాయా? ఆడుకునే సమయం సమానంగా ఉందా?
5. మీ అమ్మాయికి ఏ పని అంటే ఇష్టం? ఇంటికి వెళ్లి అడగండి. ఆమె చెప్పిన మాట మీ నోటు పుస్తకంలో రాయండి.